మూడవ పందెంలో ఆగిన కిరీటం: లూయీవిల్ నుండి బెల్‌మాంట్ దాకా

మొదటి రోజు: లూయీవిల్

అమెరికాలో మూడేళ్ల వయసు థరోబ్రెడ్ (పందేల కోసమే పెంచే జాతి) గుర్రాలకు మూడు పందేల వరుస ఒకటి ఉంది. సంప్రదాయంగా మే నెల మొదటి శనివారం కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో 10 ఫర్లాంగుల (మైలుకు ఎనిమిది ఫర్లాంగులు) కెంటకీ డెర్బీ, రెండు వారాల తరువాత బాల్టిమోర్‌లో 9.5 ఫర్లాంగుల ప్రీక్‌నెస్, మరో మూడు వారాలకు న్యూయార్క్ శివార్లలో 12 ఫర్లాంగుల బెల్‌మాంట్ జరుగుతాయి. ఒకే ఏడాది ఈ మూడింటినీ గెలిచిన గుర్రానికి ట్రిపుల్ క్రౌన్ దక్కుతుంది. 1919లో సర్ బార్టన్ మొదలుకొని 2018లో జస్టిఫై వరకు ఆ ఘనత సాధించినవి 13 మాత్రమే. మొదటి రెండు పందేలు గెలిచి మూడవది చేజార్చుకున్నవి 23. 2019 అక్టోబరులో నేను బయలుదేరింది ఆ 23 గుర్రాల కథ వాటి నేల మీదనే తెలుసుకుందామని. అంత ప్రతిభ ఉన్న జంతువు, అప్పటికే సాటి గుర్రాలను రెండుసార్లు ఓడించినది, మూడవసారి కొద్ది అడుగుల దూరంలో ఎందుకు ఆగిపోతుందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టి ఉంది.

డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్ మైదానం బయట, మ్యూజియం దారిలో బార్బారో కాంస్య విగ్రహం నిలబడి ఉంది. నాలుగు గిట్టలూ నేలను విడిచి గాలిలో తేలుతున్నట్టు మలిచారు. 2006 డెర్బీని ఆ గుర్రం ఆరున్నర నిడివుల తేడాతో గెలిచింది. ఈ పందేలలో దూరాన్ని గుర్రం నిడివితో కొలుస్తారు కనుక, అది ఎంత పెద్ద విజయమో ఊహించుకోవచ్చు. రెండు వారాల తరువాత ప్రీక్‌నెస్ మొదలైన కొద్ది క్షణాలకే కుడి వెనుక కాలు ముక్కలైంది. నెలల తరబడి వైద్యం చేసినా 2007 జనవరిలో దానికి కారుణ్య మరణం ప్రసాదించవలసి వచ్చింది. అస్థికలను ఈ విగ్రహం దగ్గరే ఉంచారు. మూడు పందేలూ గెలవగలదని అంత గట్టిగా జనం నమ్మిన గుర్రాలు అరుదని ఇక్కడివారు నేటికీ చెప్పుకుంటారు.

మార్గదర్శకురాలు మమ్మల్ని 1895లో కట్టిన జంట శిఖరాల కిందుగా పరుగు బాట అంచు వరకు తీసుకువెళ్లారు. బాట చుట్టుకొలత ఒక మైలు. చివరి మలుపు తిరిగాక గమ్యం వరకు నేరుగా సాగే భాగం 1,234 అడుగులు. నేను మొదట గమనించింది ఆ బాట వెడల్పు. ఇరవై గుర్రాలు ఒక్కసారిగా బయటకు దూకి మొదటి మలుపులో మంచి చోటు కోసం ఒరుసుకోవడానికి అది ఏమాత్రం చాలదనిపించింది. మామూలు పందేలలో ఎనిమిదో పదో గుర్రాలతో పరుగెత్తిన మూడేళ్ల పిల్ల ఇంతటి గుంపును చూడడం ఇక్కడే మొదటిసారి. వరుసలోని తొలి అడ్డంకి అదే, దానికి బలైన వాటిలో అగ్రస్థానం నేటివ్ డాన్సర్‌ది. 1953 డెర్బీ మొదటి మలుపులో మరో గుర్రం దానిని ఢీకొంది. అది తేరుకొని తరుముకొచ్చినా డార్క్ స్టార్ చేతిలో తల తేడాతో ఓడింది. ఆ తరువాత ప్రీక్‌నెస్, బెల్‌మాంట్ రెండూ గెలిచింది. జీవితకాలంలో పరుగెత్తిన 22 పందేలలో దాని ఓటమి అదొక్కటే.

రెండవ రోజు: జార్జ్‌టౌన్

ఉదయాన్నే తూర్పు దిశగా కారులో బయలుదేరి, సున్నపురాతి నేల మీద దట్టంగా పెరిగే నీలి గడ్డి మైదానాల గుండా జార్జ్‌టౌన్ చేరుకున్నాను. పందేలు ముగిసి, వయసు మళ్లిన థరోబ్రెడ్‌లకు ఆశ్రయమిచ్చే ఓల్డ్ ఫ్రెండ్స్ క్షేత్రం ఇక్కడే ఉంది. ఒకప్పుడు బోస్టన్ గ్లోబ్ పత్రికలో సినిమా విమర్శకుడిగా పనిచేసిన మైకేల్ బ్లోవెన్ దీనిని నెలకొల్పారు. సందర్శకులకు క్యారెట్ ముక్కల బకెట్ ఇచ్చి గుర్రాల మధ్యకు తీసుకువెళతారు. నా ప్రయాణం మొత్తంలో నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఈ కంచెల దగ్గరే.

సిల్వర్ చార్మ్ వయసులో ఉన్నప్పుడు బూడిద రంగు. ఇప్పుడు దాదాపు తెల్లబడిపోయింది. పిలవగానే కంచె దగ్గరకు వచ్చి క్యారెట్ అందుకునే ఈ ముసలి గుర్రం 1997లో డెర్బీని, ప్రీక్‌నెస్‌ను అతి స్వల్ప తేడాలతో గెలిచింది. పక్కన మరో గుర్రం కనిపిస్తే దానిని ముందుకు పోనివ్వకపోవడం దీని స్వభావం. ఒంటరిగా పరుగెత్తేటప్పుడు కొంత సడలినట్టుండేది, ప్రత్యర్థి కంటపడగానే బిగుసుకునేది. బెల్‌మాంట్ చివరి భాగంలో ఫ్రీ హౌస్ అనే గుర్రాన్ని దాటి ముందుకు వచ్చినప్పుడు కిరీటం దాని తల మీదకు వచ్చినట్టే జనం కేకలు వేశారు. అదే క్షణంలో టచ్ గోల్డ్ మీద ఉన్న జాకీ క్రిస్ మెకారన్ తన గుర్రాన్ని బాటకు బాగా వెలుపలి వైపు నుండి, సిల్వర్ చార్మ్ కంటికి అందనంత ఎడంగా నడిపించాడు. సిల్వర్ చార్మ్ దానిని చూసేసరికి పందెం అయిపోయింది. తేడా ముప్పావు నిడివి. శక్తి చాలకపోవడం ఒక సంగతి, పోరాడవలసిన శత్రువు కనబడకపోవడం మరొక సంగతి. ఇక్కడ జరిగింది రెండవదని నేను నమ్ముతున్నాను. ఆ ఎత్తుగడ టచ్ గోల్డ్ జాకీకి అప్పటికప్పుడు తట్టినది కాదు. సిల్వర్ చార్మ్ ఎలా గెలుస్తుందో రెండు పందేల్లోనూ అందరూ చూశారు. గెలుస్తూ పోయే గుర్రం తన రహస్యాన్ని కూడా లోకానికి చూపిస్తూ పోతుంది.

వార్ ఎంబ్లమ్ ఉన్న కంచె దగ్గర మాత్రం చేతులు లోపల పెట్టవద్దని హెచ్చరించారు. అది కరుస్తుంది. ఇది మొదటి నుండి ముందు పరుగెత్తి గెలిచే రకం. 2002 డెర్బీలోనూ ప్రీక్‌నెస్‌లోనూ దానికి ఆ అవకాశం దొరికింది. బెల్‌మాంట్‌లో ద్వారం తెరుచుకోగానే తడబడి దాదాపు మోకాళ్ల మీద పడింది. లేచి గుంపులోంచి దారి చేసుకుంటూ పైకి రావడానికే దాని బలం ఖర్చయిపోయి ఎనిమిదవ స్థానంలో ముగించింది. గెలిచిన సరావా మీద పందెం ధర ఒకటికి 70, బెల్‌మాంట్ చరిత్రలోనే అంత తక్కువ ఆశలున్న విజేత లేదు. ఆ సరావా కూడా ఇదే క్షేత్రంలో గడ్డి మేస్తూ కనిపించింది. ఒకదాని కలను చెరిపిన మరొకటి అదే సంరక్షణలో వృద్ధాప్యం గడపడం చూసినప్పుడు నాకు ఈ ఆటలోని మానవ ఆరాటమంతా గుర్రాలకు ఏమాత్రం సంబంధించినది కాదనిపించింది.

చరిస్మాటిక్ కూడా ఇక్కడికి వచ్చినదే. జపాన్ నుండి తిరిగి వచ్చిన కొద్ది కాలానికే, 2017 ఫిబ్రవరిలో, ఇక్కడే కన్నుమూసింది. 1999 ఫిబ్రవరిలో 62,500 డాలర్లకు ఎవరైనా కొనుక్కోవచ్చన్న షరతుతో ఒక క్లెయిమింగ్ పందెంలో దీనిని పరుగెత్తించారు. మే నెల గడిచేసరికి డెర్బీ, ప్రీక్‌నెస్ రెండూ దాని ఖాతాలో ఉన్నాయి. బెల్‌మాంట్ చివరి భాగంలో ముందు నడిచి, హఠాత్తుగా వెనుకబడి మూడవదిగా ముగించింది. ఎడమ ముందు కాలు విరిగింది. గమ్యం దాటగానే జాకీ క్రిస్ ఆంట్లీ కిందికి దూకి, వైద్యులు వచ్చేవరకు ఆ కాలును తన చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. ఆ చర్యే గుర్రం ప్రాణం నిలిపిందని చెబుతారు. 1958లో టిమ్ టామ్ కూడా ఇలాగే చివరి భాగంలో ఎముక విరిగి, ఆ విరిగిన కాలితోనే రెండవ స్థానంలో గమ్యం చేరింది. 2012లో ఐల్ హ్యావ్ అనదర్ స్నాయువు దెబ్బతిని పందేనికి ముందురోజే తప్పుకుంది. ఐదు వారాల్లో మూడుసార్లు ఎముకను, కండను ఆఖరి హద్దు వరకు లాగడమంటే ఏమిటో ఈ మూడు పేర్లు చెబుతాయి.

మూడవ రోజు: లెక్సింగ్టన్, పారిస్

కెంటకీ హార్స్ పార్క్‌లో మాన్ ఓ వార్ సమాధి మీద దాని నిలువెత్తు విగ్రహం ఉంది. 21 పందేలలో ఒక్కటే ఓడిన ఆ గుర్రం 1920లో ప్రీక్‌నెస్, బెల్‌మాంట్ గెలిచింది. డెర్బీలో అసలు దిగలేదు. మూడేళ్ల పిల్లకు మే నెల ఆరంభంలోనే పది ఫర్లాంగులు మోపడం తొందరపాటని దాని యజమాని శామ్యూల్ రిడిల్ అభిప్రాయం. అప్పటికి ట్రిపుల్ క్రౌన్ అనే భావన ఇంకా గట్టిపడలేదు కనుక ఆ నిర్ణయాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

అదే పార్కులో ఛాంపియన్ల శాలలో ఫన్నీ సైడ్‌నూ, గో ఫర్ జిన్‌నూ చూశాను. గో ఫర్ జిన్ 1994 డెర్బీ విజేత. తరువాతి రెండింటిలోనూ టబాస్కో క్యాట్ వెనుక రెండవదిగా వచ్చింది. ఫన్నీ సైడ్ 2003లో మొదటి రెండూ గెలిచింది. ప్రీక్‌నెస్‌లో దాని ఆధిక్యం తొమ్మిది నిడివులకు పైనే. డెర్బీలో దాని చేతిలో ఓడిన ఎంపైర్ మేకర్‌ను శిక్షకుడు ప్రీక్‌నెస్‌కు పంపకుండా ఐదు వారాలు విశ్రాంతినిచ్చి, తడిసిన బెల్‌మాంట్ నేల మీదకు తాజాగా దింపాడు. ఎంపైర్ మేకర్ గెలిచింది, ఫన్నీ సైడ్ మూడవ స్థానంలో నిలిచింది. ఈ జంట కథ దగ్గర నా ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టనిపించింది.

మధ్యాహ్నం పారిస్ పట్టణానికి పక్కనే ఉన్న క్లైబోర్న్ ఫార్మ్‌కు వెళ్లాను. సెక్రటేరియట్ సమాధి ఇక్కడ ఉంది. 1973లో బెల్‌మాంట్‌ను 31 నిడివుల తేడాతో, 2 నిమిషాల 24 సెకన్లలో గెలిచిన ఆ గుర్రం రికార్డును మట్టి బాట మీద ఇంతవరకు ఏ గుర్రమూ చెరపలేదు. అలాంటి గుర్రం కూడా డెర్బీకి రెండు వారాల ముందు వుడ్ మెమోరియల్ అనే పందెంలో మూడవదిగా వచ్చింది. నోటిలో చీముగడ్డ ఉండడమే కారణమని తరువాత తేలింది. ఆ గడ్డ మే నెలలో లేచి ఉంటే ఈ సమాధి దగ్గరకు వచ్చే జనం ఎంతమంది ఉండేవారో.

పాతకాలపు గుర్రాలకూ నేటివాటికీ ఉన్న తేడా గురించి ఇక్కడి పెంపకందారులతో చాలాసేపు మాట్లాడాను. 1919లో సర్ బార్టన్ డెర్బీ గెలిచిన నాలుగు రోజులకే ప్రీక్‌నెస్ గెలిచింది. 1948లో సైటేషన్ ప్రీక్‌నెస్‌కూ బెల్‌మాంట్‌కూ మధ్య మరో పందెం కూడా గెలుచుకొని వచ్చింది. 1960 ప్రాంతంలో అమెరికాలో ఒక గుర్రం ఏడాదికి సగటున 11 సార్లు పరుగెత్తేది. ఇప్పుడది ఆరుకు అటూ ఇటూగా ఉంది. పొట్టి దూరాల వేగానికే ధర పలుకుతున్నప్పుడు పెంపకందారులు వేగానికే జత కడతారు. నేటి శిక్షకుడు పందేనికీ పందేనికీ నడుమ నాలుగు నుండి ఆరు వారాలు కోరుకుంటాడు. ఈ వరుస మాత్రం పాత తరానికి తగిన ఎడాలతోనే నిలిచి ఉంది. పైగా 12 ఫర్లాంగుల మట్టి పందెం అమెరికాలో ఇప్పుడు అరుదు. బెల్‌మాంట్‌లో దిగే గుర్రం అంత దూరం అంతకుముందు ఎన్నడూ పరుగెత్తి ఉండదు, తరువాత కూడా బహుశా పరుగెత్తదు.

నాలుగవ రోజు: బాల్టిమోర్

ప్రీక్‌నెస్ జరిగే పిమ్లికో మైదానం దగ్గర అప్పుడు చూడడానికి ఎక్కువ కనబడలేదు. పాతబడిన గ్యాలరీలు, ఖాళీ బాట, గెలిచిన గుర్రపు యజమాని రంగులను ఏటా పూసే, గాలి దిశ చూపే గాలికోడి, అంతే. మూడింటిలో కాస్త పొట్టి దూరం ఇక్కడిదే. డెర్బీ గెలిచిన గుర్రం ఇంకా ఆ ఊపులో ఉండగానే ఇక్కడికి వస్తుంది, ఓడినవాటిలో చాలా ఇంటికి పోతాయి. అందుకే రెండింటినీ గెలిచినవి అన్ని ఉన్నాయని నా అంచనా. అయితే అలసట ఇక్కడ కనబడకపోయినా ఇక్కడే పోగుపడుతుంది. 2004లో స్మార్టీ జోన్స్ పదకొండున్నర నిడివులతో గెలిచి ఈ పందెపు రికార్డు నెలకొల్పింది. అంత పెద్ద విజయం తరువాత బెల్‌మాంట్‌కు మిగిలిన వ్యవధి మూడు వారాలు.

1978లో ఇక్కడ అఫర్మ్‌డ్ చేతిలో ఆలిడార్ మెడ తేడాతో ఓడింది. అంతకుముందు డెర్బీలో ఒకటిన్నర నిడివి, ఆ తరువాత బెల్‌మాంట్‌లో తల తేడా. మూడింటిలోనూ రెండవ స్థానమే. మరో ఏడాది పుట్టి ఉంటే మూడూ గెలిచి ఉండగల గుర్రమది. గుర్రానికి మూడేళ్ల వయసు ఒక్కసారే వస్తుంది, ఆ ఏడాది పక్కన ఎవరున్నారన్నది దాని చేతిలో లేదు.

ఐదవ రోజు: బెల్‌మాంట్ పార్క్

బాల్టిమోర్ నుండి రైలులో న్యూయార్క్ చేరి, మరునాడు పందేలున్న రోజున బెల్‌మాంట్‌కు వెళ్లాను. ఆవరణలో సెక్రటేరియట్ విగ్రహాన్ని దాటి గ్యాలరీ మీదకు ఎక్కగానే, అంతవరకు చదివి తెలుసుకున్నది కంటికి అర్థమైంది. ఈ బాట చుట్టుకొలత ఒకటిన్నర మైలు. లూయీవిల్, బాల్టిమోర్ బాటలు రెండూ ఒక్కొక్క మైలే. బెల్‌మాంట్ పందెం అంటే సరిగ్గా ఒక చుట్టు. అవతలి వైపు పరుగెత్తే గుర్రాలు చుక్కల్లా కనిపిస్తాయి.

ఇక్కడ గమ్యం ముందు నేరుగా సాగే భాగం చాలా పొడవని, అలసిన గుర్రం అక్కడ కూలిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది 1,097 అడుగులే, చర్చిల్ డౌన్స్ కంటే తక్కువ. పొడవంతా మలుపులలో ఉంది. చిన్న బాటల మీద చివరి మలుపు మొదలైతే గమ్యం అర మైలు లోపే ఉంటుంది. జాకీ అక్కడ గుర్రాన్ని ముందుకు ఉసిగొల్పడం సహజం. బెల్‌మాంట్‌లో అదే చోట ఇంకా అర మైలుకు పైగా మిగిలి ఉంటుంది. మలుపు ఎంత విశాలమంటే, గుర్రం వంగుతున్నట్టే తెలియదు. రోజూ ఇక్కడ స్వారీ చేయని జాకీ ఎన్నో ఏళ్ల అలవాటుతో తొందరపడతాడు. ఆ తొందరకు వెల చివరి వంద గజాల్లో చెల్లించవలసి వస్తుంది.

1979లో స్పెక్టాక్యులర్ బిడ్ మీద ఉన్న జాకీ రోనీ ఫ్రాంక్లిన్‌కు 19 ఏళ్లు. గెలిచే ఆశ లేని ఒక గుర్రం ముందు దూసుకుపోతుంటే దానిని తొలి భాగంలోనే తరిమాడు, చివరికి మూడవ స్థానం మిగిలింది. ఆ ఉదయం గుర్రం గిట్టలో పిన్నీసు గుచ్చుకుందని శిక్షకుడు చెప్పాడు. గిట్ట నొప్పి కొంత కారణమై ఉండవచ్చు. కానీ జీవితంలో 30 పందేలకు 26 గెలిచిన ఆ గుర్రాన్ని ఆ రోజు ఓడించింది ప్రధానంగా ఆ వేగమేనని నా అభిప్రాయం. 1998లో రియల్ క్వైట్ చివరి భాగంలో నాలుగు నిడివుల మేర ముందుంది. జాకీ కెంట్ డెసార్మో దానిని కొంచెం ముందుగానే వదిలాడు. విక్టరీ గ్యాలప్ ఒక్కొక్క అడుగే తగ్గిస్తూ వచ్చి గమ్యం దగ్గర ముక్కు తేడాతో గెలిచింది. ఫోటో చూస్తే తప్ప ఎవరికీ తెలియలేదు. ఆ ముక్కు వెల 50 లక్షల డాలర్ల బోనస్. ఫోటో తీసిన గీతకు ఎదురుగా నిలబడి చూశాను. ఆ గీతకు నాలుగు అడుగుల ముందు కెమెరా ఉండి ఉంటే ట్రిపుల్ క్రౌన్ విజేతల పట్టికలో ఆ ఏడాది కూడా ఉండేది.

స్మార్టీ జోన్స్ ఓటమి మరో రకం. 1,20,139 మంది, బెల్‌మాంట్‌కు అంతవరకు ఎన్నడూ రానంత జనం, దాని కోసమే వచ్చారు. ఎడింగ్టన్, రాక్ హార్డ్ టెన్ అనే గుర్రాలు రెండూ తమ గెలుపు సంగతి పక్కన పెట్టినట్టుగా అవతలి వైపు నుండే దాన్ని ఒత్తిడి చేశాయి. అవి రెండూ వెనుకబడ్డాయి, స్మార్టీ జోన్స్ మాత్రం విశ్రాంతి దొరకకుండా చివరి భాగంలోకి వచ్చింది. వెనుక ఓపికగా ఉన్న బర్డ్‌స్టోన్ ఆఖరి గజాల్లో దాటిపోయింది. గెలిచిన జాకీ ఎడ్గార్ ప్రాడో ఆ తరువాత క్షమాపణ చెప్పాడు. తన పని తాను సరిగా చేసినందుకు ఒక జాకీ క్షమాపణ చెప్పవలసి వచ్చిన పందెం నాకు తెలిసి ఇదొక్కటే.

ఆ సాయంత్రం పందేల నడుమ కూర్చొని ఒక లెక్క వేశాను. 1978 నుండి 2015 వరకు సాగిన 37 ఏళ్ల ఎదురుచూపులో మొదటి రెండూ గెలిచి బెల్‌మాంట్‌లో పరుగెత్తినవి 12. వాటిని అక్కడ ఓడించి గెలిచిన 12 గుర్రాలలో మూడు పందేలూ పరుగెత్తి వచ్చినవి మూడే: బెట్ ట్వైస్, ఈజీ గోయర్, విక్టరీ గ్యాలప్. టచ్ గోల్డ్ డెర్బీ వదిలింది. లెమన్ డ్రాప్ కిడ్, ఎంపైర్ మేకర్, బర్డ్‌స్టోన్ ప్రీక్‌నెస్ వదిలాయి. కోస్టల్, సమ్మింగ్, సరావా, డా టారా, టోనలిస్ట్ మొదటి రెండింటిలో ఒక్కదానిలోనూ దిగలేదు. 2014లో టోనలిస్ట్ చేతిలో కాలిఫోర్నియా క్రోమ్ ఓడినప్పుడు దాని యజమానుల్లో ఒకరు టీవీలోనే దీనిని పిరికితనమని దుయ్యబట్టి, తరువాత క్షమాపణ కోరారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఎదుటివాళ్లు చేస్తున్నది అన్యాయమని ఒప్పుకోలేను. వరుసను గెలవాలనుకునేది ఒక్క గుర్రమే. మిగతావాటికి అది ఒక పందెం మాత్రమే, ఆ ఒక్కదానికోసం సిద్ధమయ్యే హక్కు వాటికి ఉంది.

ఆరవ రోజు: న్యూయార్క్

మళ్లీ బెల్‌మాంట్‌కు వెళ్లి, ఉదయపు సాధన చూశాను. నిన్నటి లెక్క చెప్పినప్పుడు, ముప్పై ఏళ్లుగా ఇక్కడ గుర్రాలను సాధన చేయిస్తున్న ఒక పెద్దాయన, అయితే గెలిచినవి ఎలా గెలిచాయో కూడా చూడమన్నాడు. 2015లో అమెరికన్ ఫేరోకు ఎదురైన ఏడు గుర్రాలలో ప్రీక్‌నెస్ నుండి వచ్చినది ఒకటే. అంటే తాజా గుర్రాల సమస్య దానికీ ఉంది. కానీ మొదటి నుండి ముందుండి, ఎవరూ తరమకపోవడంతో తనకు నచ్చిన వేగంతో చుట్టు తిరిగి, చివరి భాగంలో ఇంకా బలం మిగుల్చుకొని ఐదున్నర నిడివులతో గెలిచింది. దాని మీద ఉన్న విక్టర్ ఎస్పినోజా 2002లో వార్ ఎంబ్లమ్‌తోనూ, 2014లో కాలిఫోర్నియా క్రోమ్‌తోనూ ఇదే చోట ఓడినవాడు. శిక్షకుడు బాబ్ బాఫర్ట్ సిల్వర్ చార్మ్‌తో, రియల్ క్వైట్‌తో, వార్ ఎంబ్లమ్‌తో ఓడినవాడు. 2018లో జస్టిఫై కూడా మొదటి నుండి చివరి వరకు ముందే నడిచింది. ముందుండే గుర్రానికి గుంపు లేదు, కనబడని శత్రువు సమస్య తక్కువ, వేగం నిర్ణయించేది తానే. దానికి తోడు ఆ రోజు దానిని తరమడానికి ఎవరూ తెగించకూడదు. రెండవది గుర్రం చేతిలో ఉండదు.

ఈ ప్రయాణం తరువాతి సంవత్సరాల్లో ఆట మరో మలుపు తిరిగింది. బెల్‌మాంట్ పార్క్‌ను పడగొట్టి కొత్తగా కడుతున్నందువల్ల 2024 నుండి పందేన్ని సారటోగాకు మార్చి, దూరాన్ని 10 ఫర్లాంగులకు కుదించారు. 2025లో సావరిన్‌టీ అనే గుర్రం డెర్బీ గెలిచింది. శిక్షకుడు బిల్ మాట్ దానిని ప్రీక్‌నెస్‌కు పంపలేదు. డెర్బీలో దాని వెనుక నిలిచిన జర్నలిజం అనే గుర్రం ప్రీక్‌నెస్ గెలిచింది, బెల్‌మాంట్‌లో సావరిన్‌టీ దానిని మళ్లీ ఓడించింది. మూడింటిలో దిగి ఉంటే పద్నాలుగవ విజేత అయ్యేదేమో. పందేల మధ్య ఎడం పెంచాలన్న వాదన అప్పటి నుండి మరింత బలపడింది. ఎడం పెంచితే కిరీటం సులువవుతుంది, పాతవాటితో పోల్చడానికి వీలు లేకుండా పోతుంది కనుక నాకది ఇష్టం లేదు. అయినా చరిస్మాటిక్ విరిగిన కాలు కథ విన్న చోట నిలబడి వచ్చినవాడిగా, సావరిన్‌టీని ఆ రెండు వారాలు శాలలోనే ఉంచిన శిక్షకుడిని తప్పు పట్టలేకపోతున్నాను.